పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లో సెట్టింగులు చెప్పకుండా మారిపోతే: మూలం పట్టుకుని సరిచేసే సమగ్ర మార్గదర్శి

నిన్నటిదాకా బాగా నడిచిన డేటాబేస్ ఈరోజు పొద్దున్నుంచి మొరాయిస్తోంది. కోడ్ మారలేదు, డేటా పెద్దగా పెరగలేదు. తీరా చూస్తే ఏదో ఒక సెట్టింగ్ మారి ఉంది. "నేను ముట్టుకోలేదు" అని టీమ్‌లో అందరూ అంటారు. చాలాసార్లు అది నిజమే. ఎప్పుడో ఎవరో చేసిన మార్పు నిన్నటి రీస్టార్ట్‌తో అమల్లోకి వచ్చి ఉండొచ్చు. లేదా స్టాండ్‌బై సర్వర్ (ప్రధాన సర్వర్‌కి నకలుగా సిద్ధంగా ఉంచినది) ప్రైమరీ, అంటే ప్రధాన సర్వర్ అయి, దాని సొంత సెట్టింగులు బయటపడి ఉండొచ్చు.

ఇలాంటప్పుడు వెంటనే పాత విలువ పెట్టేసి ఊపిరి పీల్చుకోవాలనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. ఆ విలువ ఏ పొరలోంచి వచ్చిందో తెలియకుండా మారిస్తే మీ మార్పు అసలు పనిచేయకపోవచ్చు. పనిచేసినా రెండు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఎలా మారిందో చెప్పే ఆనవాళ్లు కూడా చెరిగిపోతాయి.

ఈ మార్గదర్శి లినక్స్ మీద మీరే నడుపుకునే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 12, ఆపై వెర్షన్లకు. కమాండ్లు, పారామీటర్ల పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాను, టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేయండి.

## 1. మొదలుపెట్టే ముందు

చేతిలో ఇవి ఉండాలి:

- డేటాబేస్‌లో సూపర్‌యూజర్ లాగిన్. అది ఇవ్వకపోతే కనీసం పీజీ_మానిటర్ రోల్ (రోల్ అంటే పోస్ట్‌గ్రెస్‌లో యూజర్ లేదా అనుమతుల గుంపు). మామూలు యూజర్‌కి విలువ కనిపిస్తుంది కానీ అది ఏ ఫైల్ నుంచి, ఏ లైన్ నుంచి వచ్చిందో కనిపించదు.
- సర్వర్ మీద సుడో (రూట్ అధికారంతో కమాండ్లు నడిపే అనుమతి).
- అప్లికేషన్ ఏ యూజర్‌తో, ఏ డేటాబేస్‌కి కనెక్ట్ అవుతుందో ఆ వివరం.
- సర్వర్‌ని ఆటోమేషన్ ఏదైనా నడుపుతోందా (ఆన్సిబుల్, పప్పెట్, పాట్రోనీ, కుబర్నెటీస్) అన్న సమాచారం.

ఇంకొకటి, "షో లాగ్_టైమ్‌జోన్" కొట్టి లాగ్‌లో టైమ్ ఏ జోన్‌లో పడుతోందో రాసి పెట్టుకోండి. లాగ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే అందులో 20:35 అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 2:05. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసే టీముల్లో ఈ ఐదున్నర గంటల తేడా వల్లే తప్పు షిఫ్ట్ వాళ్ల మీద నింద పడుతూ ఉంటుంది.

## 2. ఏదీ ముట్టుకోకముందే ఆనవాళ్లు భద్రం చేయండి

ఎంత టెన్షన్‌లో ఉన్నా దీనికి కొన్ని నిమిషాలు కేటాయించండి.

1. పీజీ_సెట్టింగ్స్ (నడుస్తున్న సెట్టింగులన్నీ చూపించే వ్యూ) మొత్తాన్ని సీఎస్‌వీ ఫైల్‌గా తీసి పెట్టుకోండి.
2. ప్రధాన కాన్ఫ్ ఫైల్ (పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్), ఆటో.కాన్ఫ్ (పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్), కాన్ఫ్.డీ ఫోల్డర్ ఉంటే అందులోవన్నీ, పీజీ_హెచ్‌బీఏ ఫైల్ (ఎవరు ఎక్కడినుంచి కనెక్ట్ కావచ్చో చెప్పేది) కాపీ చేయండి. కాపీ కమాండ్‌కి మైనస్ పీ తప్పకుండా ఇవ్వండి, లేకపోతే ఫైల్ మారిన సమయం కాపీలో పోతుంది.
3. "స్టాట్" కమాండ్‌తో ఆ ఫైళ్ల సమయాలు, ఓనర్ వివరాలు రాసుకోండి.
4. పోస్ట్‌గ్రెస్ లాగులను వేరే చోటికి కాపీ చేయండి.

నాలుగో పని ఎందుకంటే, రెడ్‌హ్యాట్ తరహా లినక్స్‌ల మీద ఆర్‌పీఎం ప్యాకేజీతో వేసుకున్న పోస్ట్‌గ్రెస్‌లో లాగ్ ఫైల్‌కి వారం పేరు పెట్టడం డిఫాల్ట్. ఈ సోమవారం ఫైల్ మీద వచ్చే సోమవారం రాసేస్తుంది. వారం ఆలస్యమైతే ఆధారం ఉండదు.

రీస్టార్ట్ మాత్రం చేయకండి. రీస్టార్ట్ చేస్తే నడుస్తున్న సెషన్లు తెగిపోయి వాటిలోని సమాచారం పోతుంది, అది ఒక నష్టం. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఎవరో ఫైల్‌లో రాసి రీస్టార్ట్ చేయకుండా వదిలేసిన మార్పులు ఇంకా ఉంటే అవి కూడా అమల్లోకి వస్తాయి. ఉన్న సమస్యకి ఇంకో సమస్య తోడవుతుంది.

## 3. విలువ ఏ పొర నుంచి వచ్చిందో కనిపెట్టండి

మొత్తం పనికి ఇదే గుండెకాయ. ఒక్కో సెట్టింగ్ చాలా చోట్ల ఉండొచ్చు. కింది జాబితాలో తర్వాత వచ్చేది ముందున్నదాన్ని తోసిరాజంటుంది:

1. పుట్టుకతో వచ్చిన డిఫాల్ట్
2. ప్రధాన కాన్ఫ్ ఫైల్, అది ఇన్‌క్లూడ్ చేసుకున్న ఫైళ్లు
3. ఆటో.కాన్ఫ్ (ఆల్టర్ సిస్టమ్ కమాండ్ రాసేది ఇందులోనే)
4. సర్వర్ స్టార్ట్ అయినప్పుడు కమాండ్ లైన్‌లో ఇచ్చినది
5. ఆల్టర్ డేటాబేస్ సెట్
6. ఆల్టర్ రోల్ సెట్
7. ఒక డేటాబేస్‌లో ఒక రోల్‌కి మాత్రమే పెట్టినది
8. క్లయింట్ కనెక్ట్ అవుతూ పంపినది
9. సెషన్‌లో సెట్ కమాండ్

ముందు అసలు ఏ ఫైల్ నడుస్తోందో చూడండి. "షో కాన్ఫిగ్_ఫైల్" చెబుతుంది. డెబియన్, ఉబుంటులలో ప్రధాన ఫైల్ ఈటీసీ కింద ఉంటుంది, ఆటో.కాన్ఫ్ మాత్రం డేటా డైరెక్టరీలో ఉంటుంది. ఒకటి చూసి రెండోది మరిచిపోవడం చాలా మామూలు. ఒకే మెషిన్ మీద 14, 16 వెర్షన్లు రెండూ ఉంటే పాత వెర్షన్ ఫైల్ ఎడిట్ చేసి తల పట్టుకునేవాళ్లూ ఉంటారు.

తర్వాత పీజీ_సెట్టింగ్స్ నుంచి ఆ పారామీటర్‌కి నేమ్, సెట్టింగ్, యూనిట్, సోర్స్, సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్, పెండింగ్_రీస్టార్ట్ కాలమ్‌లు తీయండి. ఉదాహరణకి వర్క్_మెమ్ (సార్ట్, హాష్ లాంటి పనులకు ఇచ్చే మెమరీ) అడిగితే ఇలా వచ్చిందనుకుందాం:

> వర్క్_మెమ్ | 262144 | కేబీ | కాన్ఫిగరేషన్ ఫైల్ | …/16/మెయిన్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆటో.కాన్ఫ్ | 3 | ఎఫ్

దీన్ని చదవడం చూద్దాం. విలువ 262144 కేబీ, అంటే 256 ఎంబీ. వచ్చింది ఆటో.కాన్ఫ్ మూడో లైన్ నుంచి. చివరి ఎఫ్ అంటే ఫాల్స్, రీస్టార్ట్ కోసం ఆగి ఉన్నదేమీ లేదు. ఎవరో ఆల్టర్ సిస్టమ్ నడిపి ఉండాలి, లేదా ఆ ఫైల్‌ని చేత్తో ఎడిట్ చేసి ఉండాలి. మీరు ప్రధాన కాన్ఫ్ ఫైల్‌లో 16 ఎంబీ అని ఎన్నిసార్లు రాసి రీలోడ్ చేసినా (సర్వర్ ఆపకుండా ఫైళ్లు మళ్లీ చదివించినా) లాభం లేదు, ఆటో.కాన్ఫ్ దాన్ని ప్రతిసారీ దాటేస్తుంది. వర్క్_మెమ్ కనెక్షన్‌కి ఒకసారి కాదు, ఒకే క్వెరీలోని ఒక్కో సార్ట్‌కి, ఒక్కో హాష్‌కి విడివిడిగా వర్తిస్తుంది కాబట్టి వందల కనెక్షన్లున్న సర్వర్ మీద ఈ ఒక్క లైన్ చాలు మెమరీ మొత్తం తినేయడానికి.

సోర్స్ కాలమ్‌లో వేరే మాట ఉంటే ఎటు వెళ్లాలో చూడండి:

- కమాండ్ లైన్: సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్, డాకర్ కంపోజ్ ఫైల్, పాట్రోనీ, ఈ మూడూ చూడండి. డేటా డైరెక్టరీలో ఉండే పోస్ట్‌మాస్టర్.ఆప్ట్స్ ఫైల్ సర్వర్ ఏ ఆప్షన్లతో లేచిందో చెబుతుంది.
- డేటాబేస్, యూజర్, డేటాబేస్ యూజర్: పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ టూల్) బ్యాక్‌స్లాష్ డీఆర్‌డీఎస్ కొట్టండి. ఏ రోల్‌కి, ఏ డేటాబేస్‌కి ఏం అంటించారో జాబితా వస్తుంది.
- క్లయింట్: కనెక్షన్ స్ట్రింగ్‌లో ఆప్షన్స్, లేదా అప్లికేషన్ సర్వర్‌లో పీజీఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్.
- సెషన్: కోడ్‌లోనో ఓఆర్‌ఎమ్‌లోనో (కోడ్‌కి, డేటాబేస్‌కి మధ్య ఉండే లైబ్రరీ) సెట్ కమాండ్ ఉంది.
- డిఫాల్ట్: ఫైల్‌లోంచి ఆ లైన్ తీసేశారు, లేదా కామెంట్ చేశారు. ముందు హాష్ గుర్తు పెట్టి రీలోడ్ చేస్తే పాత విలువ అలాగే ఉండిపోదు, డిఫాల్ట్‌కి పడిపోతుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మీరు పోస్ట్‌గ్రెస్ యూజర్‌తో లాగిన్ అయి చూస్తే మీకు మీ సెషన్ విలువ మాత్రమే కనిపిస్తుంది. అప్లికేషన్ రోల్‌కి ఎవరైనా వేరే విలువ అంటించి ఉంటే అది మీ కంటపడదు. "నాకు సరిగ్గానే ఉంది, వాళ్లకే తేడా" అనిపిస్తే వెంటనే అప్లికేషన్ యూజర్‌తో, అదే డేటాబేస్‌కి, వీలైతే అదే మెషిన్ నుంచి కనెక్ట్ అయి ఇదే క్వెరీ నడపండి.

చివరగా పీజీ_ఫైల్_సెట్టింగ్స్ వ్యూ చూడండి. డిఫాల్ట్‌గా సూపర్‌యూజర్‌కే కనిపిస్తుంది. ఇది ఫైళ్లలో ఇప్పుడు రాసి ఉన్నదాన్ని చూపిస్తుంది, నడుస్తున్నదాన్ని కాదు. ఒకే పారామీటర్ రెండు మూడు చోట్ల రాసి ఉంటే అన్నీ వరసగా కనిపిస్తాయి. అప్లైడ్ కాలమ్ ఏది నెగ్గుతుందో, ఎర్రర్ కాలమ్ ఎక్కడ తప్పుందో చెబుతాయి.

## 4. ఎప్పుడు మారిందో తేల్చండి

మూడు సమయాలు పక్కపక్కన రాసుకోండి:

- ఫైల్ మారిన సమయం (మీరు ముందే తీసుకున్న స్టాట్ నుంచి)
- చివరి రీలోడ్ సమయం: పీజీ_కాన్ఫ్_లోడ్_టైమ్
- సర్వర్ లేచిన సమయం: పీజీ_పోస్ట్‌మాస్టర్_స్టార్ట్_టైమ్

ఫైల్ మూడు నెలల కిందట మారింది, సర్వర్ నిన్న రాత్రి లేచింది అంటే ఇది నిద్రపోతున్న మార్పు. షేర్డ్_బఫర్స్, మ్యాక్స్_కనెక్షన్స్ లాంటివి రీస్టార్ట్ అయితేనే అమల్లోకి వస్తాయి. ఎవరో మార్చి వదిలేశారు, నిన్న ఓఎస్ ప్యాచింగ్‌కి రీబూట్ చేసినప్పుడు అది లేచింది. ప్యాచింగ్ చేసిన వాళ్ల తప్పేమీ లేదు.

రీలోడ్‌తో మారినవైతే లాగ్ చాలా సాయం చేస్తుంది. సిగ్‌హప్ (రీలోడ్ చేయమనే సిగ్నల్) అందిందని ఒక లైన్, దాని వెంటే ఏ పారామీటర్ ఏ విలువకి మారిందో ఒక్కోటికి ఒక్కో లైన్ పడతాయి. ఫైల్‌లోంచి తీసేసి డిఫాల్ట్‌కి పడిపోయినా అదీ రాస్తుంది. రీస్టార్ట్‌తో మారినవాటికి ఈ లైన్లు ఉండవు, వాటికి ఫైల్ సమయమే ఆధారం.

ఫైల్ సమయాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఆల్టర్ సిస్టమ్ నడిచిన ప్రతిసారీ ఆటో.కాన్ఫ్ మొత్తం కొత్తగా రాయబడుతుంది. నిన్న ఎవరో సంబంధం లేని వేరే పారామీటర్ మార్చినా ఫైల్ నిన్నటిదిగానే కనిపిస్తుంది.

## 5. ఎవరు, ఏ దారిన మార్చారో చూడండి

మనిషికన్నా ముందు యంత్రాన్ని అనుమానించండి. సరిచేసిన విలువ మళ్లీ మళ్లీ మారుతోంటే, అదీ ఒక లెక్క ప్రకారం మారుతోంటే, అది ఆటోమేషన్ పనే. పప్పెట్ ఏజెంట్ డిఫాల్ట్‌గా ప్రతి 30 నిమిషాలకు నడిచి, ఫైల్‌ని తన దగ్గరున్న రూపానికి తిప్పేస్తుంది. క్రాన్ ఎంట్రీలు, ఆన్సిబుల్ రెపోలో గిట్ చరిత్ర కూడా ఇదే దశలో చూడండి.

ఆ తర్వాత మనుషుల దారి:

- లాగ్_స్టేట్‌మెంట్ విలువ డీడీఎల్ (క్రియేట్, ఆల్టర్ లాంటి నిర్మాణ కమాండ్లు) లేదా అంతకన్నా పై స్థాయిలో ఉంటే ఆల్టర్ సిస్టమ్, ఆల్టర్ రోల్ సెట్, ఆల్టర్ డేటాబేస్ సెట్ మూడూ లాగ్‌లో పడతాయి. మామూలు సెట్ కమాండ్ పడదు, దానికి ఆల్ పెట్టాలి.
- ఆ లైన్‌లో యూజర్ పేరు, క్లయింట్ అడ్రస్ ఉన్నాయా లేదా అన్నది లాగ్_లైన్_ప్రిఫిక్స్ మీద ఆధారపడుతుంది.
- సుడో వాడకం ఉబుంటులో ఆథ్.లాగ్‌లో, రెడ్‌హ్యాట్ తరహాలో సెక్యూర్ అనే లాగ్‌లో ఉంటుంది.
- ఈటీసీకీపర్ (ఈటీసీ ఫోల్డర్ మార్పులను గిట్‌లో దాచే టూల్) వాడుతుంటే ఈటీసీ ఫోల్డర్ గిట్ చరిత్ర చూడండి.
- అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి మేనేజ్డ్ సర్వీస్ అయితే ఫైళ్లు మీ చేతిలో ఉండవు. పారామీటర్ గ్రూప్ మార్పులు క్లౌడ్‌ట్రైల్‌లో (అమెజాన్ ఆడిట్ లాగ్) వెతకండి, అక్కడి సమయం యూటీసీ.

ఎవరు చేశారో తేలాక కూడా నిలదీసే గొంతుతో అడగకండి. "ఆ రాత్రి ఏ సమస్య వచ్చి ఇది మార్చాల్సి వచ్చింది?" అని అడిగితే చాలా సందర్భాల్లో అసలు కారణం బయటికొస్తుంది. ఆ కారణం ఇంకా బతికే ఉంటే, విలువ వెనక్కి తిప్పగానే పాత సమస్య తిరిగొస్తుంది.

## 6. ఎవరూ మార్చకుండానే మారినట్టు కనిపించే సందర్భాలు

ఫెయిలోవర్ (ప్రైమరీ స్థానంలోకి స్టాండ్‌బై రావడం) తర్వాత. ఆల్టర్ సిస్టమ్ మార్పులు ఫైల్‌లో ఉంటాయి, అవి స్టాండ్‌బైకి రెప్లికేట్ కావు. ఆల్టర్ రోల్, ఆల్టర్ డేటాబేస్ మార్పులు కేటలాగ్‌లో (డేటాబేస్ సొంత టేబుళ్లలో) ఉంటాయి కాబట్టి రెప్లికేట్ అవుతాయి. అందుకే స్టాండ్‌బై ప్రైమరీ అయ్యాక సగం సెట్టింగులు ఉన్నట్టు, సగం పోయినట్టు కనిపిస్తాయి.

మేజర్ అప్‌గ్రేడ్ తర్వాత. పీజీ_అప్‌గ్రేడ్ డేటాని తీసుకెళ్తుంది, కాన్ఫ్ ఫైళ్లని తీసుకెళ్లదు. పాత వాటిని చూసుకుంటూ కొత్త క్లస్టర్‌లో మీరే పెట్టుకోవాలి.

డంప్, రీస్టోర్ తర్వాత. ఆల్టర్ రోల్ సెట్‌తో పెట్టినవి పీజీ_డంప్‌లో రావు. అవి కావాలంటే పీజీ_డంప్‌ఆల్ తీయాలి.

పాట్రోనీ క్లస్టర్. ప్రధాన కాన్ఫ్ ఫైల్‌ని పాట్రోనీయే రాస్తుంది, మీరు చేత్తో చేసిన ఎడిట్ నిలవదు. మ్యాక్స్_కనెక్షన్స్, వాల్_లెవెల్ లాంటి కొన్నింటిని కమాండ్ లైన్‌లో ఇస్తుంది. మార్పు పాట్రోనీసీటీఎల్ ఎడిట్-కాన్ఫిగ్ దారిలోనే చేయాలి.

పీజీబౌన్సర్ (కనెక్షన్లను పూల్‌లో ఉంచి క్లయింట్లకు పంచే సాఫ్ట్‌వేర్) ట్రాన్సాక్షన్ మోడ్. దీన్ని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. ఒక క్లయింట్ సెట్ కమాండ్‌తో స్టేట్‌మెంట్_టైమౌట్ మార్చి వెళ్లిపోతుంది. సర్వర్ కనెక్షన్ మాత్రం పూల్‌లో అదే విలువతో ఉండి, తర్వాత వచ్చిన వేరే క్లయింట్‌కి దక్కుతుంది. "ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు" అనే ఫిర్యాదు వింటే ముందు ఇది చూడండి. కోడ్‌లో సెట్ బదులు ట్రాన్సాక్షన్ లోపల సెట్ లోకల్ వాడితే తగ్గుతుంది.

యూనిట్ మరిచిపోవడం. షేర్డ్_బఫర్స్‌కి యూనిట్ లేకుండా 128 అని రాస్తే 128 ఎంబీ కాదు. 8 కేబీ బ్లాకుల లెక్కన 1 ఎంబీ.

## 7. సరిచేసే క్రమం

1. విలువ ఎక్కడినుంచి వచ్చిందో అక్కడే మార్చండి. ఆటో.కాన్ఫ్ అయితే ఆల్టర్ సిస్టమ్ రీసెట్, ఆ పక్కన పారామీటర్ పేరు. రోల్ అయితే ఆల్టర్ రోల్ రీసెట్. ఆటోమేషన్ అయితే రెపోలో.
2. రీలోడ్‌కి ముందు పీజీ_ఫైల్_సెట్టింగ్స్‌లో ఎర్రర్ కాలమ్ ఖాళీగా ఉందో లేదో చూడండి.
3. పీజీ_రీలోడ్_కాన్ఫ్ నడపండి.
4. అది ట్రూ అని చెప్పగానే పని అయిపోయిందనుకోకండి. సిగ్నల్ పంపానని మాత్రమే దానర్థం. ఫైల్‌లో తప్పుంటే ఆ సంగతి లాగ్‌లోనే కనిపిస్తుంది.
5. పెండింగ్_రీస్టార్ట్ ట్రూగా ఉన్న పారామీటర్లన్నీ తీయండి. మీరు మార్చినవి కాకుండా వేరేవి కనిపిస్తే రీస్టార్ట్‌కి ముందే వాటి సంగతి తేల్చండి.
6. రోల్, డేటాబేస్ స్థాయి మార్పులు కొత్త సెషన్లకే వర్తిస్తాయి. అప్లికేషన్ పూల్ కనెక్షన్లను కొత్తగా తెరిపించండి.
7. అప్లికేషన్ యూజర్‌తో లాగిన్ అయి విలువ చూసి నిర్ధారించుకోండి.

స్టాండ్‌బైలు ఉంటే మ్యాక్స్_కనెక్షన్స్ విషయంలో వరస ముఖ్యం. పెంచేటప్పుడు ముందు స్టాండ్‌బై, తర్వాత ప్రైమరీ. తగ్గించేటప్పుడు ముందు ప్రైమరీ, ఆ మార్పు స్టాండ్‌బైకి చేరాక అక్కడ. స్టాండ్‌బైలో విలువ ప్రైమరీకన్నా తక్కువైతే వెర్షన్ 14 నుంచి రికవరీ ఆగి నిలబడుతుంది, అంతకుముందు వెర్షన్లలో సర్వరే ఆగిపోతుంది.

సర్వర్ లేవకపోతే: తప్పు విలువ ఆటో.కాన్ఫ్‌లో ఉంటే కమాండ్‌తో తీయలేరు, ఎందుకంటే కనెక్ట్ కావడానికి సర్వరే లేదు. ఫైల్‌ని కాపీ పెట్టుకుని, ఆ ఒక్క లైన్ చేత్తో తీసేసి స్టార్ట్ చేయండి. ఆ ఫైల్ పైభాగంలో "చేత్తో ఎడిట్ చేయొద్దు" అని రాసి ఉంటుంది, సర్వర్ ఆగి ఉన్నప్పుడు పరవాలేదు. ఫైల్ ముట్టుకోకూడదనుకుంటే పీజీ_సీటీఎల్ స్టార్ట్‌కి మైనస్ ఓతో ఆ పారామీటర్‌కి సరైన విలువ ఇచ్చి లేపొచ్చు. కానీ లేచాక ఆల్టర్ సిస్టమ్ రీసెట్ చేయడం మరవకండి.

## 8. ఇవి కనిపిస్తే చొరబాటుగానే చూడండి

- పీజీ_హెచ్‌బీఏలో మీకు తెలియని అడ్రస్‌కి ట్రస్ట్ (పాస్‌వర్డ్ అడగకుండా రానివ్వడం) అని ఉంది
- ఆర్కైవ్_కమాండ్‌లో ఎప్పుడూ చూడని స్క్రిప్టు
- ప్రీలోడ్ లైబ్రరీల జాబితాలో కొత్త పేరు
- లాగింగ్ ఆపేసి ఉంది
- ఎవరికీ తెలియని సూపర్‌యూజర్ రోల్

5432 పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరిచి, బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టిన సర్వర్లలోకి దూరి, కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్ ద్వారా క్రిప్టో మైనింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే దాడులు బాగా తెలిసినవే. ఇలాంటి చోట మీరే సరిచేయడం మొదలుపెట్టకండి. సర్వర్‌ని నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, డిస్క్ స్నాప్‌షాట్ తీయించి, సెక్యూరిటీ టీమ్‌కి అప్పగించండి. భారత్‌లోని సంస్థలకు 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలపాలి, లాగులను 180 రోజులు దాచాలి.

ఎఫ్‌సింక్ ఆఫ్, ఫుల్_పేజ్_రైట్స్ ఆఫ్ (ఇవి రాసిన డేటా డిస్క్‌లో భద్రంగా ఉండేలా చూసే సెట్టింగులు) కనిపిస్తే అది చొరబాటు కాకపోవచ్చు, బల్క్ లోడ్ కోసం ఎవరో ఆపి మరిచిపోయి ఉండొచ్చు. అయినా కరెంట్ పోతే డేటా పాడైపోయే పరిస్థితి అది. ఆనవాళ్లు తీసుకున్న వెంటనే ఆన్ చేసి, కొత్తగా పూర్తి బ్యాకప్ తీయండి.

## 9. ఇంకోసారి వెతుక్కోకుండా

- లాగ్_స్టేట్‌మెంట్‌ని డీడీఎల్‌కి పెట్టండి. ప్రిఫిక్స్‌లో సమయం, యూజర్, డేటాబేస్, క్లయింట్ అడ్రస్, అప్లికేషన్ పేరు ఉండాలి.
- ఆడిట్‌డీ (లినక్స్ ఆడిట్ సేవ) నిఘా ఫైల్ మీద కాకుండా ఫోల్డర్ మీద పెట్టండి. ఆల్టర్ సిస్టమ్ తాత్కాలిక ఫైల్ రాసి పేరు మారుస్తుంది కాబట్టి ఒక్క ఫైల్ మీద పెట్టిన నిఘా అలాంటి మార్పు దగ్గర నమ్మదగ్గది కాదు. ఆడిట్ రికార్డులోని ఏయూఐడీ మొదట లాగిన్ అయిన మనిషిని చూపిస్తుంది, తర్వాత సుడోతో రూట్ అయినా సరే.
- వెర్షన్ 15 నుంచి ఒక్కో పారామీటర్‌కి విడిగా ఆల్టర్ సిస్టమ్ అనుమతి ఇవ్వొచ్చు. దానికోసం ఎవరికీ సూపర్‌యూజర్ ఇవ్వాల్సిన పని లేదు.
- అన్నీ ఆటోమేషన్ నుంచే రావాలనుకుంటే వెర్షన్ 17లో వచ్చిన ఎలౌ_ఆల్టర్_సిస్టమ్‌ని ఆఫ్ చేయండి. ఇది పొరపాట్లను ఆపుతుంది, చెడు ఉద్దేశంతో వచ్చిన సూపర్‌యూజర్‌ని ఆపదు.

నా అభిప్రాయంలో వీటన్నిటికన్నా విలువైనది రోజువారీ స్నాప్‌షాట్. ఒక చిన్న స్క్రిప్టు రోజూ పీజీ_సెట్టింగ్స్ నుంచి పేరు, విలువ, సోర్స్, సోర్స్‌ఫైల్, దాంతోపాటు పీజీ_డీబీ_రోల్_సెట్టింగ్, పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్ తీసి నిన్నటి ఫైల్‌తో డిఫ్ చేసి, తేడా ఉంటే టీమ్ చాట్‌కి పంపితే చాలు. ఫలితాలను ఆ డేటాబేస్‌లోనే టేబుల్‌గా పెట్టకండి. స్టాండ్‌బై మీద రాయడం కుదరదు, పైగా సర్వర్ లేవనప్పుడే అవి కావాల్సి వస్తాయి. వేరే మెషిన్‌లో గిట్ రెపోలో పెట్టి, ప్రతి స్టాండ్‌బై మీదా ఇదే స్క్రిప్టు నడపండి. ప్రైమరీకి, స్టాండ్‌బైకి మధ్య కూడా ఒక డిఫ్ వేయించండి. తర్వాతి ఫెయిలోవర్‌లో ఏది మారబోతోందో ఆ జాబితాలో ముందే కనిపిస్తుంది.